మందా, ఉప్పునీళ్ళా? గుండె మందు ట్రయల్‌లో నా ఏడాదిన్నర

2025 ఏప్రిల్ 26, శనివారం నాడు చివరిసారి రక్తం ఇచ్చి వచ్చాను. కోఆర్డినేటర్ అమ్మాయి ఫైలు మూసి "అయిపోయింది సార్, ఇంక మీరు ఫ్రీ" అంది. బయటికొచ్చి టీ తాగుతుంటే తిరనాళ్ళు అయిపోయి పందిళ్ళు విప్పుతున్నట్టు అనిపించింది. గుండెకి కొత్త మందు ఒకటి మనుషుల మీద పరీక్షించే ట్రయల్ అది, 2023 అక్టోబర్‌లో మొదలైన పని. ఈ ఏడాదిన్నరలో స్టాఫ్ రూములో, పెళ్ళిళ్ళలో కనీసం ఇరవై మంది అడిగి ఉంటారు, ట్రయల్ అంటే అసలేం చేస్తారు అని. అందుకే వరసగా రాస్తున్నాను. మందు పేరు, కంపెనీ పేరు, ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

నేను మిర్యాలగూడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా నాన్న 47 ఏళ్ళకి, మా అన్న 51కి గుండెపోటుతోనే పోయారు. నాకు 2021 జూన్‌లో వచ్చింది, 49వ ఏట. ఒక స్టెంట్ వేశారు. సిగరెట్ లేదు, షుగర్ లేదు, లావూ లేను. మా ఇంట్లో మగాళ్ళకి యాభై దాటడమే గండం అని సరిపెట్టుకున్నాం.

2023 సెప్టెంబర్‌లో ఎప్పటిలాగే చెకప్‌కి పోతే డాక్టరుగారు రిపోర్టు చూసి, "చెడ్డ కొలెస్ట్రాల్ 58కి దిగింది, బాగుంది. కానీ మీ ఇంటి సంగతి వింటుంటే ఇంకోటి చూడాలనిపిస్తోంది" అని ఒక టెస్టు రాశారు. లైపోప్రోటీన్-ఎ, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం, ఎక్కువైతే గుండెకి ముప్పు. ల్యాబ్‌లో 1,400 తీసుకున్నారు. 75 లోపు ఉండాల్సింది నాకు 221 వచ్చింది. ఇది పుట్టుకతో వచ్చే అంకెట. నెయ్యి మానినా, రోజూ ఐదు కిలోమీటర్లు నడిచినా దిగదు. కొలెస్ట్రాల్ తగ్గడానికి నేను వేసుకునే స్టాటిన్ బిళ్ళకీ లొంగదు. దీన్ని దించడానికని ఆమోదం పొందిన మందు అప్పటికింకా ఏదీ లేదు. "అట్లయితే ఈ టెస్టు ఎందుకు రాశారు సార్?" అని కొంచెం చిరాగ్గానే అడిగాను. "ట్రయల్స్ నడుస్తున్నాయి. ఇష్టమైతే మీ నంబర్ ఇస్తాను" అన్నారు.

అక్టోబర్ 9న హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. దసరా సెలవులే కాబట్టి 14న వస్తానన్నాను. ఇంట్లో చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "వాళ్ళిస్తరా, మనమే ఇయ్యాల్నా?" మా బావమరిది ఖమ్మం నుంచి ఫోన్ చేసి గోల గోల. "నీకేం ఖర్మ బావా, నీ మీద ప్రయోగం చేస్తరట!" వాడికి 2010 నాటి గొడవ బాగా గుర్తు. భద్రాచలం వైపు గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని పేపర్ల నిండా వచ్చింది, ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. ఆ మాట కొట్టిపారేయలేకపోయాను. నాతో ప్రతి కాగితం రెండుసార్లు చదివించింది ఆ మాటే.

ట్రయల్ చూసే డాక్టరుగారు వేరే. నలభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. స్టెంట్ వేసిన రోజు కూడా నాతో ఏ డాక్టరూ అంతసేపు మాట్లాడలేదు. "మందు పనిచేస్తుందా సార్?" అంటే, "తెలిస్తే మిమ్మల్ని ఎందుకు పిలుస్తాను?" అన్నారు. అంకె దిగడం ఒక సంగతి, అంకె దిగినందువల్ల గుండెపోటు తప్పడం ఇంకో సంగతి అట. టోర్సెట్రాపిబ్ అని ఒక మందు మంచి కొలెస్ట్రాల్‌ని 70 శాతానికి పైగా పెంచింది. అందరూ చంకలు గుద్దుకున్నారు. తీరా 15,000 మంది మీద చూస్తే మందు వేసుకున్నవాళ్ళలోనే చావులు ఎక్కువయ్యాయి, 2006 డిసెంబర్‌లో ఆపేశారు.

ఇంకోటి కూడా చెప్పారు, అది నాకు బాగా పట్టుకుంది. "భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తెలుసు కదా సార్?" తెలియకేం, పిల్లలకి చెబుతూనే ఉంటాం. ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కి, కీళ్ళవాతానికి ఈ రోజుకీ వాడుతున్నారు. రక్తనాళాల్లో వాపు తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయేమోనని, అదే మందు తక్కువ మోతాదులో అమెరికా, కెనడాల్లో 4,786 మంది గుండె జబ్బువాళ్ళ మీద పరీక్షించారు. 2018లో ఫలితం బయటికొచ్చింది. ఉత్తుత్తి బిళ్ళకీ దానికీ గుండె దగ్గర తేడా ఏమీ లేదు. "అంత గొప్ప మందు ఇక్కడ పనిచేయలేదు. పనిచేయదని తెలుసుకోవడానికి కూడా అంతమంది వచ్చి కూర్చోవాల్సి వచ్చింది" అన్నారు. బస్సులో వస్తూ అదే ఆలోచన. ఆ నాలుగు వేల ఏడు వందల చిల్లరలో నాలాంటి లెక్కల సార్లు ఎంతమంది ఉండి ఉంటారో.

కన్సెంట్ ఫారం 27 పేజీలు. ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా చదవమన్నారు, తొందరపెట్టలేదు. అది నచ్చింది. తెలుగులోనే ఉంది గానీ, ఆ తెలుగు చదివేకంటే ఇంగ్లీషు కాపీ చదవడమే తేలిక. 'యాదృచ్ఛికీకరణ' అట. చీటీ తీసినట్టు అని రాస్తే మా అమ్మకి కూడా అర్థమయ్యేది. సారాంశం ఏమిటంటే సగం మందికి అసలు మందు, సగం మందికి ఉప్పునీళ్ళు, ఎవరికేది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. 12 వారాలకోసారి పొట్టలో ఇంజెక్షన్, మొత్తం నాలుగు. 48 వారాల తర్వాత ఇంకో 24 వారాలు ఊరికే గమనిస్తారు. మధ్యలో ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, మానేయొచ్చు. ఒక్క షరతు దగ్గర నా కళ్ళు ఆగాయి. ట్రయల్ ముగిసేదాకా ఈ లైపోప్రోటీన్-ఎ టెస్టు బయట ఎక్కడా చేయించుకోకూడదు. చేయించుకుంటే ఎవరు ఏ వైపో బయటపడిపోతుంది. అప్పుడు చాలా చిన్న షరతనిపించింది.

చివరి పేజీలో చదువు, ఉద్యోగం, సంవత్సరాదాయం అడిగారు. ఆ కింద నామినీ పేరు. మా ఆవిడ పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఎల్‌ఐసీ ఫారంలో నామినీ అంటే ఏమీ అనిపించదు, ఇక్కడ అదే మాట చూస్తే గుండె ఝల్లుమంది. కాగితంలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఆ నంబర్‌తో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వెతికి, రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా చూసి, "ఉంది నాన్నా" అన్నాకే కదిలాను. మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్ అక్కడ నమోదు కావాల్సిందే. పోయేవాళ్ళు ఎవరైనా ఈ ఒక్క పని చేయండి, పది నిమిషాలు పట్టదు.

అక్టోబర్ 21న సంతకాలు. ప్రతి పేజీ మీదా సంతకం, చివర తారీఖుతో పాటు టైమ్ కూడా రాయించారు, ఒక కాపీ చేతికిచ్చారు. పక్క కుర్చీలో చదువురాని పెద్దాయన ఒకరు. ఆయనకి కాగితమంతా చదివి వినిపించడానికి, ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షిని పిలిపించి, ఆ తర్వాతే వేలిముద్ర తీసుకున్నారు. భద్రాచలం సంగతి మనసులో ఉండబట్టి అది మాత్రం జాగ్రత్తగా గమనించాను.

ఆ రోజే స్క్రీనింగ్. 11 ట్యూబుల రక్తం, లెక్కపెట్టాను. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మూడుసార్లు బీపీ, తర్వాత ఈసీజీ, మూత్రం. శాంపిళ్ళు డ్రై ఐస్‌లో పెట్టి సింగపూర్ పంపుతారట. మన రక్తానికి విమానయోగం ఉంది, మనకి లేదు అని నవ్వుకున్నాం. నవ్వు నవంబర్ 2 దాకే. "సార్, శాంపిల్ హీమోలైజ్ అయింది, మళ్ళీ రావాలి." రక్తకణాలు చితికిపోయాయని అర్థం. తప్పెవరిదో తేలలేదు. అటు అసెంబ్లీ ఎన్నికల ట్రైనింగ్ క్లాసులు, ఇటు ఇది. నవంబర్ 18న మళ్ళీ పోయి మళ్ళీ ఇచ్చాను. 30న పోలింగ్ డ్యూటీ చేసి, ఒంటి నొప్పులతో పడుకున్న రెండో రోజు ఫోన్ వచ్చింది. ఈసారి 214. తీసుకున్నారు. పరీక్షలో ఫెయిలయితే సంతోషించాల్సిన అంకెకి సీటొచ్చినట్టు సంబరపడ్డాను, అదేం మనసో.

డిసెంబర్ 9న మొదటి ఇంజెక్షన్. కోఆర్డినేటర్ కంప్యూటర్లో నా నంబర్ కొట్టింది, అది ఒక డబ్బా నంబర్ చూపించింది. ఫ్రిజ్‌లోంచి ఆ డబ్బా తెచ్చారు. నర్సుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. బొడ్డుకి నాలుగు వేళ్ళ దూరంలో గుచ్చారు, దోమ కుట్టినంతే. దీనికోసమా రెండు నెలలు తిరిగింది అనిపించింది. గంటసేపు కూర్చోబెట్టి పంపించారు. జేబులో పెట్టుకోమని ఒక కార్డు ఇచ్చారు, ఎమర్జెన్సీ వస్తే ఏ డాక్టరుకైనా చూపించాలి. ఆ రోజు మా ఆవిడ కూడా వచ్చింది. పొద్దున్న పోయేటప్పుడు ఆమెకి టికెట్ కొన్నాం. సాయంత్రం వచ్చేటప్పుడు కండక్టర్ వద్దన్నాడు. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు సరిగ్గా ఆ మధ్యాహ్నమే మొదలైంది. నా ఇంజెక్షన్ కంటే ఆ సంగతే ఊళ్ళో ఎక్కువమందికి చెప్పుకుంది.

మొత్తం 11 సార్లు తిరిగాను. అన్నిటికంటే కష్టం పరగడుపున పోవడం. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. నార్కట్‌పల్లిలో టిఫిన్‌కి ఆపుతారు. బస్సంతా దిగి ఇడ్లీ, పూరీ తింటుంటే నేనొక్కణ్ణీ సీట్లో మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చునేవాణ్ణి. కిటికీలోంచి అల్లం చట్నీ వాసన. డ్రైవర్‌కి నా మొహం అలవాటై, "ఇయ్యాల గూడ ఉపవాసమేనా సార్?" అనేవాడు. ఎల్‌బీ నగర్లో దిగి మెట్రో. తొమ్మిదిన్నరకి రక్తం తీశాక, మా ఆవిడ కట్టిచ్చిన చపాతీ డబ్బా ఆసుపత్రి మెట్ల మీదే విప్పేవాణ్ణి.

డబ్బు సంగతి. టెస్టులకి, ఇంజెక్షన్లకి పైసా తీసుకోలేదు. విజిట్‌కి 1,200 ప్రయాణ ఖర్చులు ఇస్తామన్నారు. మొదటిది చేతికందడానికి 38 రోజులు పట్టింది, కొంత నా తప్పే. ఇంట్లో ఉన్న పాత ఆంధ్రా బ్యాంక్ చెక్కు ఇచ్చాను. 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాక కోడ్ మారిన సంగతి గుర్తులేదు. ఇద్దరం పోతే 1,500 దాకా అయ్యేది, కాబట్టి లాభమేమీ లేదు. రోజువారీ స్టాటిన్, ఆస్పిరిన్ బిళ్ళలు మనవి మనమే కొనుక్కోవాలి, నెలకి 900. ఐదు సీఎల్‌లు పోయాయి, మిగతా విజిట్లు సెలవుల్లోనో రెండో శనివారాల్లోనో పడ్డాయి.

ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. ఏ వైపు పడ్డామో తెలియకుండా నెలలు గడపడం. నేను సంభావ్యత పాఠం చెబుతాను. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం, బొరుసు సగం. కానీ ఇక్కడ నాణెం పడిపోయింది, దాని మీద ఎవరిదో చెయ్యి ఉంది. మూడో ఇంజెక్షన్ తర్వాత గుచ్చినచోట రూపాయి బిళ్ళంత ఎర్రబడి రెండు రోజులుంది. అద్దం ముందు నిలబడి చూసుకుని, ఇది అసలు మందే అని తేల్చేసుకున్నాను. నర్సుకి చెబితే, "ఉప్పునీళ్ళు గుచ్చినా ఎర్రబడుద్ది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మిర్యాలగూడలో ల్యాబ్ ముందునుంచి పోతున్నప్పుడల్లా 1,400తో అయిపోయే పని కదా అనిపించేది. ఒకసారి బండి ఆపాను కూడా. లోపల నా దగ్గర చదువుకున్న పిల్లాడే కౌంటర్లో కూర్చుని "నమస్తే సార్" అన్నాడు. షుగర్ చూపించుకోవడానికి వచ్చానని అబద్ధం చెప్పి, లేని షుగర్‌కి 80 రూపాయలు కట్టి వచ్చాను.

2024 సెప్టెంబర్ మొదట్లో పెద్ద వానలు పడ్డాయి కదా, ఆ వెనకే నాకు డెంగీ. 12న ఊళ్ళోనే అడ్మిట్ అయ్యాను. ప్లేట్‌లెట్లు 62 వేలు. జ్వరంలో నాకు కార్డు సంగతే గుర్తురాలేదు. మా ఆవిడ పర్సులోంచి తీసి మర్నాడు ఫోన్ చేసింది. అంతే, హైదరాబాద్‌లో హడావిడి మొదలైంది. ఎన్ని గంటలకి చేరారు, ఎవరు చూస్తున్నారు, ఆస్పిరిన్ ఆపారా? ట్రయల్‌లో ఉన్నవాడు ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకున్నా అది సీరియస్ కిందే లెక్క, 24 గంటల్లో ఢిల్లీలో మందుల నియంత్రణ ఆఫీసు దాకా రిపోర్టు పోవాలి. డాక్టరుగారే మా ఊరి డాక్టరుతో మాట్లాడారు. నాలుగు రోజులకి ప్లేట్‌లెట్లు లేచాయి. బిల్లు 18,600. జబ్బుకీ ట్రయల్ మందుకీ సంబంధం లేదని తేలేదాకా ఖర్చు వాళ్ళదేనని రూల్ ఉందని చెప్పి, డిశ్చార్జ్ కాగితాలన్నీ అడిగి తీసుకున్నారు. 11 వారాలకి డబ్బు వచ్చింది. వస్తుందని నేననుకోలేదు, ఉన్నమాట చెప్పాలి.

ఇక సంక్రాంతి. మా అబ్బాయి సెలవు పెట్టుకుని వచ్చాడు. నాకున్నది వంశపారంపర్యమని, పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగమని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. చూపించుకోరా అని నేనే ఏడాదిగా పోరుతున్నాను. వాడు జనవరి 12న ఇంటికే మనిషిని పిలిపించి, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్న గుండె ప్యాకేజీ ఏదో, ఇద్దరికీ తీయించాడు. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో నేను అడగలేదు, వాడు ఆలోచించలేదు. భోగి రోజు సాయంత్రం రెండు పీడీఎఫ్‌లు వాడి ఫోన్‌కి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే నాకు పంపేసి, అప్పుడు తెరిచి చూశాడు.

నేను ముందు వాడిది తెరిచాను. 163. ఇరవై ఆరేళ్ళు వాడికి. నాన్న, అన్న, నేను, ఇప్పుడు వీడు. ఆ పక్కనే నా ఫైలు. పాస్‌వర్డ్ నా పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. వేలు దాని మీద పెట్టబోతుంటే వాడు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి "నాన్నా, నీది చూడకు" అన్నాడు. వాడు చూసేశాడని అప్పుడర్థమైంది.

పండగ మూడు రోజులూ వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. వాడు దిగాలుగా ఉంటే, నా అంకె దిగలేదు కాబోలు అనుకునేవాణ్ణి. మరుక్షణం, తన 163 తలుచుకుని దిగాలేమో అనిపించేది. అరిసెలు తింటూ నవ్వితే నాది దిగిందేమో అని ఆశ, నన్ను ఓదార్చడానికి నవ్వుతున్నాడేమో అని అనుమానం. మా ఆవిడ ఒక రాత్రి, "అడిగేస్తే పోలా?" అంది. మాటిచ్చాను కదా అన్నాను. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. దిగకపోతే ఏడాదిగా నాలుగింటి బస్సులెక్కి ఉప్పునీళ్ళు పొడిపించుకున్నానని తెలుస్తుంది. దిగితే, దిగింది కదా అని నడక మానేస్తానని నా సంగతి నాకు తెలుసు.

ఫిబ్రవరి 1 విజిట్‌లో దాచకుండా చెప్పేశాను. తిడతారేమో, తీసేస్తారేమో అని రాత్రంతా టెన్షన్. కోఆర్డినేటర్ పెన్ను ఆపి, "మీరు చూశారా?" అంది. లేదు. "ఇంకెవరైనా?" మా అబ్బాయి. ఆమె ఫారం అటూ ఇటూ తిప్పింది. రోగి చూశాడా అని గడి ఉంది, డాక్టరు చూశారా అని ఉంది, కొడుకుకి గడి లేదు. చివరికి కింద ఖాళీలో నాలుగు లైన్లు రాసి నాతో సంతకం పెట్టించింది. ఆఖరి ఇంజెక్షన్ ఆగస్టులోనే అయినా ఈ మందు పని నెలల తరబడి ఉంటుందట, కాబట్టి జనవరి అంకె చూసినా గుట్టు బయటపడినట్టేనని డాక్టరుగారు చెప్పారు. మా వాణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నారు. వాడికిప్పుడు మందేమీ అక్కర్లేదు, మామూలు కొలెస్ట్రాల్, బీపీ అదుపులో పెట్టుకోవాలి, సిగరెట్ జోలికి పోకూడదు అన్నారు. వాడు విన్నాడు గానీ, బస్టాండులో అడిగిన ప్రశ్న వేరే. "నాన్నా, ఆ మందు బజార్లోకి ఎప్పుడొస్తుందట?"

అన్ని ఊళ్ళలో అందరి విజిట్లూ అయిపోయి, లెక్కలన్నీ మూసేశాక ఎవరు ఏ వైపో ఉత్తరం రాస్తారట. 2025 చివరికి రావచ్చన్నారు. ఏప్రిల్ 26 విజిట్‌కి రావాల్సిన 1,200 ఇంకా పడలేదు. నా ఫోన్ బాగా నెమ్మదించిందని మా వాడు మొన్న కొత్తది తెచ్చాడు. పాతదాంట్లోంచి ఫొటోలు, నంబర్లు అన్నీ ఎక్కిస్తూ, "ఆ పీడీఎఫ్ కూడా ఎక్కించాలా నాన్నా, తీసేయనా?" అన్నాడు.

ఎక్కించమన్నాను.